పదిహేనో ప్రతి

పన్నెండు మంది కలిసి ఒక మాట అనుకుంటారు. ఎవరికి వాళ్లు సొంతంగా ఒక చిన్న పుస్తకం చేయాలి. రాత, బొమ్మ, కాగితం, కుట్టు అన్నీ తమవే. దాన్ని అందరికీ సరిపడా ప్రతులు తీసి, గడువులోగా ఒక చోటికి పంపాలి. అక్కడ ఒకరు వాటిని విడదీసి, కట్టలు కట్టి, ఎవరి కట్ట వాళ్లకి తిరిగి పంపుతారు. తను చేసిన ఒకే పుస్తకాన్ని పన్నెండు ప్రతులు పంపినవాళ్లకి పన్నెండు మంది చేసిన పన్నెండు పుస్తకాలు చేతికొస్తాయి. మధ్యలో డబ్బు ప్రసక్తి లేదు.

బొమ్మలు వేసేవాళ్లు, కవిత్వం రాసేవాళ్లు, అచ్చుపని మీద ఇష్టం ఉన్నవాళ్లు చాలా దేశాల్లో ఇలా పుస్తకాలు ఇచ్చిపుచ్చుకుంటున్నారు. మన దగ్గర కూడా లిఖిత పత్రికలు నడిపిన తరం ఒకటుంది. చేత్తో రాసి, చేత్తో బొమ్మలు వేసి, ఉన్న ఒక్క ప్రతినే చేతులు మార్చుకుంటూ చదివేవాళ్లు. ఆ ఇష్టానికి ప్రతుల లెక్కనీ గడువునీ జోడిస్తే ఈ పని అవుతుంది. మొదలుపెట్టిన పనిని చివరిదాకా తీసుకెళ్లడం అలవాటు చేసుకోవాలనుకునేవాళ్లకి ఇంతకంటే మంచి సాధన నాకు తెలియదు. అందుకే దీనికి ఒక అధ్యాయం కేటాయించాను.

మొదటి ప్రతి ఉత్సాహం మీద నడిచిపోతుంది. కొత్త ఆలోచన, కొత్త కాగితం, ఇంట్లో అందరికీ చూపించాలన్న ఆత్రం. రాత్రి ఒంటిగంటైనా నిద్ర రాదు. ఏడో ప్రతికి వచ్చేసరికి కొత్తదనం పోయి నడుం నొప్పి మిగులుతుంది. పదకొండో ప్రతి దగ్గర చేయి తొందరపడుతుంది, మడత కాస్త పక్కకి పోయినా ‘పర్లేదులే’ అనిపిస్తుంది. పదిహేనో ప్రతి అందుకున్న మనిషికి మీ మొదటి ప్రతి ఎంత అందంగా వచ్చిందో తెలియదు. తన చేతిలో ఉన్నదే తనకి మీ పుస్తకం. కాబట్టి ఏ పుస్తకం చేయాలో తేల్చుకునేటప్పుడు పదిహేనో ప్రతిని కళ్లముందు పెట్టుకోండి. అలసిన చేత్తో కూడా మొదటిదానంత శ్రద్ధగా చేయగలిగే పుస్తకాన్నే ఎంచుకోండి. ఈ అధ్యాయంలో మిగతాదంతా దీన్నుంచి వచ్చేదే.

పన్నెండు మందికి పదిహేను ప్రతులు ఎందుకంటే, మీకు మీరు దాచుకునే ప్రతితో కలిపి పన్నెండు. కట్టలు కట్టేవాళ్లు ఎక్కడైనా ప్రదర్శనకి పెట్టడానికి ఒకటి, ఏదైనా గ్రంథాలయానికి ఇవ్వడానికి ఒకటి, పోస్టులో పాడైతే బదులు పంపడానికి ఒకటి. కాగితాలు మాత్రం ఇరవై ప్రతులకి సరిపడా కోసుకోండి. అచ్చులో, మడతలో, కుట్టులో కొన్ని పోతాయి. పోయే వాటిని ముందే లెక్కలో వేసుకుంటే చేతికి భయం ఉండదు.

ఇలా కలిసి చేసే పుస్తకాలకి చరిత్ర ఉంది. అమెరికాలో రిచర్డ్ కోస్టెలనెట్జ్ 1970లో ‘అసెంబ్లింగ్’ అనే సంకలనం మొదలుపెట్టాడు. పాల్గొనేవాళ్లు తమ పేజీలని తామే వెయ్యి ప్రతులు అచ్చువేయించి పంపాలి. ఆయన వాటిని వరసగా పేర్చి బైండింగ్ చేయించేవాడు. ఎడిటర్ల దగ్గర చోటు దొరకని ప్రయోగాలకి అది ఆసరా అయింది.

నా మనసుకి ఎక్కువ దగ్గరైంది మాత్రం అల్ ముతనబ్బీ వీధి పేరు మీద జరిగిన పని. బాగ్దాద్‌లో పుస్తకాల అంగళ్లకి పేరుపడ్డ వీధి అది. 2007 మార్చి 5న అక్కడ కారు బాంబు పేలింది. ముప్ఫై మందికి పైగా చనిపోయారు, వంద మందికి పైగా గాయపడ్డారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుస్తకాల దుకాణం నడిపే కవి బో బోసొలే ఆ వార్త విన్నాడు. బాంబు బాగ్దాద్‌లో పేలినా అది పుస్తకాలు అమ్ముకునే తన వీధి కూడా అనుకున్నాడు. ముందు లెటర్‌ప్రెస్ పనివాళ్లని తలా ఒక అచ్చుపత్రం వేయమని అడిగాడు. ఆ రోజు చనిపోయినవాళ్లకీ గాయపడ్డవాళ్లకీ గుర్తుగా 130 అచ్చుపత్రాలు తయారయ్యాయి. తర్వాత బ్రిటన్‌లోని బ్రిస్టల్‌లో పనిచేసే సారా బాడ్‌మన్‌తో కలిసి, కళాకారులు చేత్తో చేసిన పుస్తకాలు కావాలని పిలుపునిచ్చాడు. ఎన్నో దేశాల నుంచి 260కి పైగా వచ్చాయి. ఒక పూర్తి సెట్టు బాగ్దాద్‌లోని ఇరాక్ జాతీయ గ్రంథాలయానికి చేర్చాలన్నది వాళ్ల సంకల్పం. ఆ పుస్తకాలు చేసినవాళ్లలో చాలామంది ఆ వీధిని చూసి ఉండరు. అయినా తమ ప్రతి ఒకటి ఏ ఊరికి, ఏ పని మీద వెళ్తోందో తెలిసి మడతపెట్టారు, కుట్టారు. పుస్తకం ఎవరికోసమో తెలిసి చేస్తే చేతికి వచ్చే నిలకడ వేరు. పన్నెండు మంది చిన్న గుంపులో కూడా దాన్ని సాధించవచ్చు.

మీరు ఒక గుంపు కట్టేటప్పుడు ముందుగా చేయాల్సింది ఒక పేజీ ఒప్పందం. అందులో ఉండాల్సినవి ఎక్కువ లేవు. ఉమ్మడి విషయం ఏమిటి, ప్రతులు ఎన్ని, మూసినప్పుడు పుస్తకం ఎంత సైజు దాటకూడదు, గడువు ఎప్పుడు, తిరుగు పోస్టు ఖర్చు ఎవరిది. ఇంకొకటి మొహమాటం లేకుండా రాసుకోవాలి: పంపనివాళ్లకి కట్ట వెళ్లదు, వాళ్ల వాటా ప్రతులు చేసినవాళ్లకే తిరిగి వెళ్తాయి. స్నేహితులే కదా అని ఈ వాక్యం వదిలేస్తే చివర్లో ఆ స్నేహమే ఇబ్బందిలో పడుతుంది. గుంపులో ఒకరిద్దరు డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటే ఒక్కో పుస్తకం విడిగా పోస్టు చేయడం భరించలేని ఖర్చు. సంక్రాంతికో పెళ్లికో ఇంటికి వచ్చి వెళ్లేవాళ్ల పెట్టెలో ఒకే కట్టగా వెళ్లేలా గడువు పెట్టుకోండి.

ఉమ్మడి విషయం ఎంత ఇరుగ్గా ఉంటే పుస్తకాలు అంత వేర్వేరుగా వస్తాయి. ‘ప్రకృతి’ అంటే పన్నెండు మందీ చెట్టు బొమ్మ వేస్తారు. ‘మా ఇంట్లో వాడకం మానేసిన వస్తువు’ అంటే ఎవరి ఇల్లు వాళ్లకి గుర్తొస్తుంది. ఈ విషయం మీదే ఒక పుస్తకాన్ని ఊహించి చూద్దాం. అటక మీద ఇత్తడి కొలతలు ఉన్నాయి: గిద్ద, సోల, మానిక. స్పాంజి మీద నల్లరంగు పోసి, కొలత మూతి అంచుని అద్ది, కాగితం మీద వత్తితే ఒక వలయం పడుతుంది. రెండో పేజీలో గిద్ద వలయం, మూడో పేజీలో సోల వలయం. నడిమి పేజీలు రెండూ కలిపి మానిక, పేజీ అంచులు దాటి బయటికి పోయేంత పెద్దది. నాలుగు గిద్దలు ఒక సోల, నాలుగు సోలలు ఒక మానిక. పక్కన ఒక్కో కొలతకీ ఒక్కో మాట: గిద్ద దగ్గర ‘నెయ్యి’, సోల దగ్గర ‘పాలు’, మానిక దగ్గర ‘బియ్యం’. ఆరు, ఏడు పేజీల్లో ఆ కొలతలతో వండిన మనిషి గురించి నాలుగు వాక్యాలు. ఎనిమిదో పేజీలో వివరాలు. వలయం వత్తడానికి అర నిమిషం చాలు. పదిహేనో ప్రతిలో కూడా మొదటిదానంత నిండుగా పడుతుంది. బొమ్మ గీయడం రాకపోయినా ఈ పుస్తకం చేయవచ్చు. ఇదే కొలతలని ప్రతి పుస్తకంలోనూ వాటర్‌కలర్‌లో వేయాలనుకుంటే పదిహేను ప్రతులకి నలభై అయిదు బొమ్మలు. ఆరో ప్రతి దగ్గర ఆగిపోయే పుస్తకం అది.

ఆలోచన కుదిరాక మామూలు తెల్లకాగితంతో ఒక డమ్మీ మడవండి. పెన్సిల్‌తో పేజీ నంబర్లు వేసి విప్పండి. ఏ పేజీ ఎక్కడ పడుతుందో, ఏది తలకిందులుగా ఉండాలో అదే చెబుతుంది. తర్వాత అసలు కాగితంతో, అసలు రంగుతో ఒక ప్రతి మొదలునుంచి చివరిదాకా చేయండి. గడియారం పక్కన పెట్టుకోండి. రెండు గంటలు పట్టిందా? పదిహేనుకి ముప్ఫై గంటలు. ఉద్యోగం చేసుకుంటూ రోజుకి గంట తీయగలిగితే నెల రోజుల పని. ఆ నెల మీ చేతిలో లేకపోతే ఇప్పుడే పుస్తకంలోంచి ఒక రంగునో, ఒక మడతనో, అట్టపెట్టెనో తీసేయండి. ఏడు ప్రతులయ్యాక తీసేయడం కుదరదు.

ఇక కాగితం. ఇక్కడ కాస్త నిదానించాలి, ఎందుకంటే పుస్తకం చేతిలో బాగా తెరుచుకుంటుందా లేదా అన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. మిల్లులో తయారైన ప్రతి కాగితానికీ ఒక వాలు ఉంటుంది. మిషను మీద గుజ్జు పరుగెత్తేటప్పుడు పీచు ఎక్కువభాగం ఒకే దిక్కుకి తిరుగుతుంది. ప్రెస్సుల్లో దీన్ని గ్రెయిన్ అంటారు. కాగితాన్ని విరగ్గొట్టకుండా ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా వంచి చూడండి. ఒక వైపు మెత్తగా లొంగుతుంది, ఇంకో వైపు ఎదురు తంతుంది. మెత్తగా లొంగే మడతే పుస్తకం వెన్నుకి సమాంతరంగా ఉండాలి. అడ్డం పడితే మడత దగ్గర పీచు విరిగి గరుకుగా లేస్తుంది, పేజీలు మూసినా నోరు తెరుచుకునే ఉంటాయి, వానాకాలంలో అంచులు అలలు తిరుగుతాయి.

బజార్లో దొరికే ఏ4 జిరాక్స్ కాగితాల్లో ఎక్కువ వాటికి గ్రెయిన్ పొడుగువైపు ఉంటుంది. దాన్ని సగానికి మడిచి ఏ5 పుస్తకం చేస్తే గ్రెయిన్ అడ్డం పడుతుంది. అదే కాగితాన్ని ముందు అడ్డంగా రెండు ముక్కలు కోసి, ఒక్కో ముక్కని సగానికి మడిస్తే ఏ6 పుస్తకం వస్తుంది, 105 మిల్లీమీటర్ల వెడల్పు, 148 మిల్లీమీటర్ల ఎత్తు. ఇప్పుడు గ్రెయిన్ వెన్ను వెంట ఉంటుంది. చొక్కా జేబుకి కాస్త పెద్ద, కవరుకి సరిపడే సైజు. ఒక ఏ4 కాగితం నుంచి ఎనిమిది పేజీలు, రెండిటి నుంచి పదహారు, అంటే ప్రెస్సువాళ్ల లెక్కలో ఒక ఫారం. మొదటిసారి చేసేవాళ్లకి ఇంతకు మించి అక్కర్లేదు. లోపలి పేజీలకి 100 నుంచి 120 జీఎస్ఎం, అట్టకి 200 నుంచి 250 సరిపోతుంది. అట్టకి ఖరీదైన కాగితం కొనక్కర్లేదు. హైదరాబాద్ ఛత్తా బజార్‌లోనో, మీ ఊళ్లో పెళ్లిపత్రికలు వేసే ప్రెస్సులోనో కటింగ్ మిషను దగ్గర మంచి కార్డు ముక్కలు పోగుపడతాయి. ఒకే రకం పదిహేనుకి సరిపడా ఉన్నాయో లేదో లెక్క చూసుకుని తీసుకోండి. అట్టని నేరుగా మడవకుండా ముందు స్టీలు స్కేలు పెట్టి సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గీత నొక్కితే మడత పగలదు.

అచ్చు ఎలా వేయాలన్నది మీ అందుబాటుని బట్టి. జిరాక్స్ చవక, వేగం. కానీ మడత మీద నల్లగా నిండిన చోట పొడి రాలి తెల్లగీత పడుతుంది, అందుకని మడత చుట్టూ ఖాళీ వదలండి. ఇంక్‌జెట్ అచ్చు తడి తగిలితే చాలావరకు అలుక్కుపోతుంది. స్క్రీన్ ప్రింటింగ్ నిండైన రంగు ఇస్తుంది. అది ఎంత దూరం వెళ్లగలదో చూడాలంటే చెన్నైలోని తారా బుక్స్ వేసిన ‘ద నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్’ ఒకసారి చేతిలోకి తీసుకోండి. భజ్జూ శ్యామ్, దుర్గాబాయి, రామ్‌సింగ్ ఉర్వేతి అనే గోండు చిత్రకారుల బొమ్మలు, నల్లటి చేతికాగితం మీద రంగు తర్వాత రంగు చేత్తో అచ్చువేసినవి. 2006లో వచ్చింది. అంత పెద్ద పనిలోనూ సూత్రం ఒకటే: ఒక రంగు అన్ని కాగితాలకీ వేశాకే రెండో రంగు. మీరూ అలాగే చేయండి. మడతలన్నీ ఒకరోజు, అచ్చు ఒకరోజు, చిల్లులు ఒకరోజు, కుట్టు ఒకరోజు. చేయి ఒకే పనికి అలవాటుపడితే ప్రతులన్నీ ఒక్కలా వస్తాయి.

లినో రేకు మీద చెక్కి అచ్చువేసే లినోకట్ ఎంచుకున్నవాళ్లకి తెలుగు అక్షరాల విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. లినో మీద అక్షరం అద్దంలో కనిపించినట్టు తిరగేసి చెక్కాలి. ట్రేసింగ్ కాగితం మీద మెత్తటి పెన్సిల్‌తో రాసి, బోర్లించి రుద్దితే అది దానంతట అదే తిరగబడుతుంది. మన అక్షరాల్లో వంపులే ఎక్కువ, కత్తిని తిప్పకుండా లినోనే తిప్పుతూ చెక్కితే వంపు తెగదు. సెంటీమీటరు కంటే చిన్న అక్షరం పెట్టుకోవద్దు. ‘ప’లో తలకట్టు పక్కన ఉండే సందు చిన్నదైతే ఇంకు పూడుకుపోయి ‘వ’ అవుతుంది, మీ ‘పంట’ కాస్తా ‘వంట’ అవుతుంది. ‘థ’ మధ్యలో చుక్క కూడా అలాగే మాయమవుతుంది. వత్తులకి, కొమ్ములకి కింద చోటు వదిలాకే పంక్తుల మధ్య ఎడం కొలవండి. గుంపులో తెలుగు చదవలేనివాళ్లు ఉన్నారని అక్షరాలు మానేయకండి. అర్థం ఒక చిన్న చీటీ మీద రాసి లోపల పెడితే చాలు, అక్షరాల అందం వాళ్లకి కళ్లతో అందుతుంది.

కుట్టుకి మూడు చిల్లులు చాలు. జిగురు వాడొద్దనే నా సలహా. ఫెవికాల్ ఎక్కువైతే కాగితం వంకర పోతుంది. మైదా జిగురుకి పురుగు పడుతుంది, అందుకే బైండింగ్ చేసేవాళ్లు అందులో మైలుతుత్తం కలిపేవాళ్లు, అది విషం. ఇంట్లో పిల్లలుంటే ఆ జోలికి పోవద్దు. దారం ఉంటే వీటన్నిటితో పనే లేదు.

ఒక పట్టీ కాగితాన్ని పుస్తకం ఎత్తుకి కోసి, సగానికి మడిచి, దాని మీద మధ్యలో ఒక గుర్తు, పైనుంచి రెండు సెంటీమీటర్ల దగ్గర ఒకటి, కిందనుంచి రెండు సెంటీమీటర్ల దగ్గర ఒకటి పెట్టండి. పదిహేను ప్రతులకీ అదే పట్టీ వాడాలి. పేజీలు, అట్ట ఒకదాంట్లో ఒకటి పెట్టి, మడత లోపల పట్టీ ఆనించి, లావుపాటి సూదితో లోపలినుంచి బయటికి పొడవండి. సూది మడత మీదే పడాలి, పక్కన పడితే వెన్ను మీద చిల్లు వంకరగా కనిపిస్తుంది. దారం పుస్తకం ఎత్తుకి మూడింతలు తీసుకుని, తేనెమైనం మీదనో కొవ్వొత్తి మీదనో రెండుసార్లు లాగితే చిక్కుపడదు. లోపలినుంచి మధ్య చిల్లులోంచి బయటికి వెళ్లండి, అరచేయంత కొస లోపల వదలండి. బయటినుంచి పై చిల్లులోకి రండి. లోపల మధ్య చిల్లుని దాటేసి కింది చిల్లులోంచి బయటికి, అక్కడినుంచి మళ్లీ మధ్య చిల్లులోకి. ఇప్పుడు రెండు కొసలూ లోపలే ఉంటాయి. నిలువుగా పోయే పొడుగు దారానికి చెరో పక్క ఒక కొస ఉండేలా చూసి, దాని మీదుగా రెండు ముడులు వేయండి. దారాన్ని ఎప్పుడూ వెన్ను వెంటే లాగాలి. మీ వైపుకి లాగితే కాగితం చిరిగిపోతుంది. కొసలు ఒక సెంటీమీటరు వదిలి కత్తిరించండి.

తెలుగు పుస్తకం తెరిస్తే లోపల ప్రథమ ముద్రణ, ప్రతులు, వెల అని ఒక పేజీ ఉంటుంది. మీ పుస్తకానికీ అలాంటిది ఉండాలి. చివరి పేజీలో పుస్తకం పేరు, మీ పేరు, సంవత్సరం, ఏ కాగితం, ఎలా అచ్చువేశారు, ఏ బృందం కోసం చేశారు, మొత్తం ఎన్ని ప్రతులు అన్నవి రాయండి. వెల ఉండదు. కింద పెన్సిల్‌తో 4/15 అని నంబరు, సంతకం. పెన్ను సిరా పక్క పేజీకి దిగుతుంది, పెన్సిల్ దిగదు.

నంబర్ల మీద భిన్నాభిప్రాయాలున్నాయి. 1963లో అమెరికన్ కళాకారుడు ఎడ్ రుషే ఇరవై ఆరు పెట్రోల్ బంకుల ఫొటోలతో చేసిన చిన్న పుస్తకం మొదటి ముద్రణ 400 ప్రతులకీ నంబర్లు వేశాడు. తర్వాత ఆ నంబర్లు వేయడమే పొరపాటని చెప్పి, తర్వాతి ముద్రణల్లో మానేశాడు. ఎవరైనా కొనుక్కోగలిగే మామూలు పుస్తకంగా అది తిరగాలన్నది ఆయన కోరిక. ఇచ్చిపుచ్చుకునే పుస్తకాల్లో పరిస్థితి వేరు. ఇక్కడ నంబరు అరుదైన వస్తువని గొప్ప చెప్పుకోవడానికి కాదు, ఇన్నే చేశాను, ఇక చేయను అని పన్నెండు మందికి ఇచ్చే మాట. అందుకే వేయమంటాను. ఒకటో నంబరు మీకు దాచుకోకుండా, ఏ నంబరు ఎవరికన్నది చీటీలు తీసి పంచండి.

పంపేటప్పుడు ఒక్కో పుస్తకాన్ని పల్చటి కాగితంలో చుట్టి, అన్నిటినీ రెండు అట్టముక్కల మధ్య పెట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి, ఆ తర్వాతే డబ్బాలో పెట్టండి. సెల్లోటేపు పుస్తకానికి ఎక్కడా తగలకూడదు. గడువుకి వారం ముందు పోస్టు చేయండి.

మీ కట్ట వచ్చాక పన్నెండింటినీ ఒకే రాత్రి తిరగేసి బీరువాలో పెట్టేయకండి. రోజుకి ఒకటి తీయండి. వెన్ను ఎలా కుట్టారు, కాగితం ఏ వైపు మడిచారు, ఎక్కడ ఒక పని తగ్గించుకుని మిగతాది బాగా చేశారు అన్నది చూడండి. చూసినదాంట్లో ఒక్క విషయం ఎంచి, చేసినవాళ్లకి కార్డు రాయండి. ‘బాగుంది’ అని కాకుండా, ‘నాలుగో పేజీలో ఎర్రదారం బొమ్మలోకి వెళ్లి మళ్లీ బయటికి వచ్చింది, అది చూసి ఆగిపోయాను’ అని రాయండి. గ్రంథాలయానికని దాచిన ప్రతిని ఆ నెలలోనే ఇచ్చేయండి. మిగిలిన ఒకటి ఆరు నెలలు ఆగి, ఎవరి కట్టలోనూ లోటు లేదని తేలాక, వచ్చేసారి గుంపులో చేరాలని అడుగుతున్నవాళ్లకి నమూనాగా చూపించండి.